క్రేన్ అప్పన్న ఆకలి

2005. హిందీ మాట్లాడే మా ఉక్కు ఊళ్ళో, సిద్ధగోరా పేటలో ఒక చిన్న స్టీలు కార్ఖానా డిస్పెన్సరీలో నేను నర్సుని. బీపీ చూడటం, బరువు తూచటం, కాలిన చేతులకి కట్లు కట్టటం, అన్నీ నేనే. రాసుకో తల్లీ, ఈ అమ్మమ్మ నోరు నీ చేతిని దాటిపోతే ఆపు.

అప్పన్న ఈఓటీ క్రేన్ ఆపరేటర్. అంటే షెడ్డు కప్పు కింద పట్టాల మీద నడిచే క్రేన్‌ని పైన క్యాబిన్‌లో కూర్చుని నడుపుతాడు. ఆ ఏడు మెడికల్ చెకప్‌లో తొంభై ఎనిమిది కిలోలు తూగాడు, బీపీ కూడా ఎక్కువే. డాక్టరు గారు మూడు నెలలు గడువిచ్చారు. తగ్గకపోతే అన్‌ఫిట్. క్రేన్ దిగి స్టోర్‌లో పనిచేసుకోవాలి.

నేను డైట్ చార్టు రాసిచ్చాను. నెల తిరిగాక మళ్ళీ వచ్చేసరికి కిలో పెరిగాడు.

"చార్టు గోడకి అంటించావా ఏంటి?" అన్నాను.

"ఒట్టు సిస్టరమ్మా, ఇంటికాడ రొట్టెలే తింతన్నాను. గానీ నైట్ డూటీకెల్తే కడుపులో ఎవడో గోకినట్టుంటది. క్యాంటీన్లో సమోసా కనబడితే సెయ్యి ఆగదు."

"ఇరవై టన్నులు గాల్లో ఆపే చెయ్యి సమోసా దగ్గర ఆగదా?"

వరసలో కూర్చున్నవాళ్ళందరూ నవ్వారు. అప్పన్న నవ్వలేదు. "మీరు నమ్మరు, పోనీండమ్మా," అని వెళ్ళిపోయాడు.

ఈ మాట డాక్టరు గారితో చెప్తే, "ఎన్ని గంటలు నిద్రపోతున్నాడో అడిగారా సిస్టర్?" అన్నారు. అడగలేదు. అన్నేళ్ళ సర్వీసులో లావుగా ఉన్నవాళ్ళని తిండి గురించే అడిగాను.

అతనికి నైట్ డ్యూటీ ఉన్న వారంలో ఒకరోజు పగలు పదకొండింటికి సీతారాండేరా బస్తీలో వాళ్ళింటికి వెళ్ళాను. గుమ్మంలోకే వినపడింది, వాళ్ళమ్మ పైడమ్మ గొంతు: "లేరా నాయినా, అన్నం సల్లారిపోద్ది!"

పొద్దున ఏడున్నరకి ఉత్త టీ తాగి పడుకున్న మనిషిని రోజూ ఇలాగే లేపి తినిపిస్తోంది. తిన్నాక ఇంట్లో అలికిడికి మళ్ళీ నిద్ర పట్టదు. మొత్తం మూడున్నర గంటల నిద్ర!

"ఎందుకు లేపుతున్నావమ్మా?"

"ఏటి సిస్టరమ్మా అలాగంతారు! రాతంతా పన్జేసిన బిడ్డ కాళీ కడుపుతో పడుకుంటే నాకు ముద్ద దిగుద్దేటి?"

ఇక్కడ మా మనవరాలు రాయటం ఆపి, "నిద్రకీ ఆకలికీ క్యా కనెక్షన్ హై, అమ్మమ్మా?" అంటోంది. చెప్తాను. కడుపులోంచి ఘ్రెలిన్ అనే హార్మోన్ వచ్చి మెదడుకి 'తిను' అని చెప్తుంది. ఒంట్లోని కొవ్వు నుంచి వచ్చే లెప్టిన్ 'నిల్వ ఉంది, చాలు' అంటుంది. నిద్ర తక్కువైతే మొదటిది పెరుగుతుంది, రెండోది తగ్గుతుంది. పైగా రాత్రిపూట ఇన్సులిన్ కూడా పగటిలా చురుగ్గా పనిచేయదు, తిన్న చక్కెర రక్తంలోనే ఎక్కువసేపు ఉంటుంది. అలాంటివాడికి నేను తిండి ఇంకా తగ్గించేశాను. ఆకలి రెట్టింపు కాక ఏమవుతుంది?

పైడమ్మతో చెప్పాను: "ఏడున్నరకే కడుపుకి పెట్టు. మూడింటిదాకా లేపకు."

"పొద్దున్నే ఏటి పెట్టను?"

"చద్దన్నం, పెరుగు."

"సద్దన్నం కూలోల్లు తింతారమ్మా. నా కొడుకు కిరేనోడు!"

"వాణ్ణి క్రేన్ మీదే ఉంచాలంటే పెట్టు మరి."

మర్నాటి నుంచి ఆవిడ పొద్దున్నే చద్దన్నం పెట్టి, గుమ్మంలో పీట వేసుకుని కాపలా కూర్చుందట. కూరగాయలవాడు కేకేస్తే, "చుప్! మా వోడు పడుకున్నాడు," అని తరిమేసిందట. డ్యూటీకి అప్పన్న క్యాంటీన్ మానేసి ఇంటి నుంచే అన్నం డబ్బా తీసుకెళ్ళాడు.

గడువు నాటికి తొంభై నాలుగు కిలోలు. బీపీ కూడా దిగింది. డాక్టరు గారు ఫిట్ అని సంతకం పెట్టారు.

ఆ కాగితం నా చేత్తోనే ఇచ్చాను. అప్పుడూ వరసలో మనుషులున్నారు. వాళ్ళు వినేట్టుగానే, "ఆ రోజు నువ్వు నిజమే చెప్పావు అప్పన్నా. తప్పు నాది," అన్నాను.

అతను కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "మరింకేటి సిస్టరమ్మా, పైకెల్తాను. ఎత్తాల్సిన మాల్ కింద ఆగిపోనాది," అన్నాడు.

రిటైరయ్యేదాకా ఇక ఎవరినైనా నిద్ర సంగతి అడిగాకే తూకం ఎక్కించాను. ఆకలేస్తోందని చెప్పినవాణ్ణి మళ్ళీ ఎగతాళి చెయ్యలేదు.