నేను పరుగెత్తానని చెప్పలేదు

నా ఒంట్లోంచి చాలా బరువు దించుకున్నాను. ఒక్క మాట బరువు మాత్రం దిగలేదు. దాన్ని మింగలేక కక్కలేక ఏళ్లుగా మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పుకోవడానికి ధైర్యం వచ్చింది. ముందే ఒక సంగతి చెబుతాను. మొదలు నుంచి చివరి దాకా కన్నీళ్లు పెట్టుకుంటానని అనుకోకండి. సిగ్గుపడాల్సిన చోట సిగ్గుపడతాను. కానీ నేను గర్వపడే ముక్క ఒకటి ఇందులో ఉంది. దాన్ని వదిలేసి తప్పొక్కటే చెప్పడం కుదరదు. అసలు నేను దాచిపెట్టింది ఆ ముక్కనే.

మాది గిద్దలూరు. నేను టైలర్ని. జాకెట్లు, స్కూలు యూనిఫారాలు కుడతాను. మా ఆయన రాచర్ల రూటులో ఆటో నడుపుతాడు. పొద్దస్తమానం మిషను ముందు కూర్చునే మనిషి నలభై దాటాక ఎలా తయారవుతుందో నేనూ అలాగే తయారయ్యాను. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే అరికాళ్ల మంట. రక్తపరీక్ష చేయిస్తే షుగరని తేలింది. డాక్టరమ్మ మాత్రలు రాసింది, రోజూ నడవమంది, అన్నం తగ్గించమంది.

ఆ ఆదివారం చర్చిలో చెప్పుకుని ఏడ్చాను. మా స్త్రీల కూటమి వాళ్లు ఊరుకోలేదు. నా పేరు మీద శుక్రవారాలు ఉపవాస ప్రార్థన పెట్టారు. వాళ్లలో కరుణక్క ఒకతి. నాకు చుట్టం కాదు, అయినా అక్కే. మిరపకోతలకు, కలుపుతీతకు కూలికి పోయే మనిషి. ఆమెకూ షుగరు ఉంది, మాత్రలు వాడుతోంది. అయినా నా కోసం పస్తుండి, ఆ పస్తుతోనే ఎండలో పనికి పోయింది. నేను వద్దంటే వినలేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి. నేను తర్వాత ఆడిన అబద్ధానికి ఇదీ ఒక కారణం. సాకు అనాలేమో. ఏదనాలో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

నేను నడక మొదలుపెట్టాను. జనం లేవకముందే రాచర్ల రోడ్డు మీదికి పోయి వచ్చేదాన్ని. ఒకరోజు కుక్క వెంటపడింది. చెప్పులు వదిలేసి పరుగెత్తాను. కొంత దూరం పోయాక కుక్క ఆగిపోయింది. నేను ఆగలేదు. ఎందుకు ఆగలేదో అడగకండి. చిన్నప్పుడు బడికి ఆలస్యమైతే పరుగెత్తిన కాళ్లు ఇంకా ఇవేనా అనిపించింది. ఇంటికొచ్చి చాలాసేపు నాలో నేనే నవ్వుకున్నాను.

మర్నాడు కుక్క లేకుండానే పరుగెత్తాను. ఒక కరెంటు స్తంభం నుంచి ఇంకో స్తంభం దాకా పరుగు, ఆ తర్వాతి స్తంభం దాకా నడక. కొన్ని వారాలకు రెండు స్తంభాలు పరుగు, ఒకటి నడక. యూనిఫారాల్లో మిగిలిన నీలం గుడ్డతో ప్యాంటు కుట్టుకున్నాను, తాళంచెవికి లోపల జేబు పెట్టి. మా ఆయన మొదట నా వంక వింతగా చూశాడు. తర్వాత ఏమీ అనకుండా ఆటో తీసి, లైటు వేసి, నా వెనకాల నిదానంగా నడుపుతూ రావడం మొదలుపెట్టాడు. కుక్కల భయం పోయింది. ఆ లైటు వెలుగులో నా నీడ నా ముందు పరుగెడుతుంటే నాకే ముచ్చటేసేది.

వేగం నాకు రాలేదు, ఇప్పటికీ లేదు. నాకొచ్చింది ఆగకపోవడం. పాట పాడుకోగలిగినంత నిదానంగా పరుగెత్తితే ఎంత దూరమైనా పోవచ్చని ఎవరూ చెప్పకుండానే తెలుసుకున్నాను. కీర్తనలన్నీ వరసగా పాడుకుంటూ పోయేదాన్ని. ఏడాది తిరిగేసరికి రాచర్ల పోయి, టీ అంగడి తెరవకముందే వెనక్కి తిరిగాను. గొర్రెలు తోలుకుపోయే ముసలాయన ఒకడు నన్ను చూసి పక్కకు జరిగి దారిచ్చాడు. ఏ సన్మానమూ నాకు అంత తృప్తినివ్వదు.

షుగరు దిగింది. డాక్టరమ్మ కాగితం రెండుసార్లు చదివి మాత్ర సగానికి తగ్గించింది. తగ్గించింది, అంతే. మానమనలేదు.

ఇక్కడే నా తప్పు మొదలైంది.

మేలు జరిగితే మావాళ్లు కృతజ్ఞత కూడిక పెడతారు. మా ఇంట్లోనూ పెట్టాం. షామియానా వేశాం, భోజనాలు పెట్టాం. నేను లేచి సాక్ష్యం చెప్పాలి, అంటే దేవుడు చేసిన మేలు అందరి ముందు చెప్పుకోవాలి. నా ఎదురుగా చాప మీద నా కోసం పస్తులున్న ఆడవాళ్లంతా కూర్చున్నారు. కరుణక్క మొదటి వరసలో ఉంది. ఏం చేశావమ్మా, ఎట్లా తగ్గిందని మా పాస్టరు అయ్యగారు అడిగారు. ఆయన మంచివాడు. మాత్రలు మానమని ఏనాడూ ఎవరితోనూ చెప్పలేదు. నేను పరుగెత్తానని చెప్పి ఉంటే ఆయనే ముందు సంతోషించేవాడు. నోరు తెరిచాను. ఈ వయసులో ప్యాంటేసుకుని రోడ్డు మీద పరుగులా అని నవ్వుతారేమో అనిపించింది. మీ ఉపవాసాలతో పాటు నా కాళ్లు కూడా పనిచేశాయి అంటే వీళ్ల మొహాలు ఎలా మారతాయో అనిపించింది. నా కోసం తిండి మానుకున్న వాళ్లకు సగం గొప్పే ఇవ్వడం నాకు చేతకాలేదు. మొత్తం ఇచ్చేశాను.

నేనేమీ చేయలేదన్నాను. అంతా ప్రార్థనే అన్నాను. మాత్రలు కూడా పోయాయన్నాను.

ఆ చివరి మాట ఎవరూ అడగలేదు. చప్పట్ల ఊపులో నోరు జారింది. జారిందా, నేనే వదిలానా? అందరూ స్తోత్రం అంటుంటే ఇంకొంచెం చెప్పాలనిపించింది. అది నిజం. మర్యాద కోసం మొదలైన అబద్ధం ఆ చివరి మాట దగ్గర నా గొప్ప కోసం అయింది.

ఆ తర్వాత కొన్ని నెలలకు కరుణక్కకు మిరపచేలో కాలికి ముల్లు గుచ్చుకుంది. షుగరుకు మొద్దుబారిన కాలు, గుచ్చుకున్నట్టే ఆమెకు తెలియలేదు. పుండు నల్లబడ్డాక మార్కాపురం ఆసుపత్రికి తీసుకుపోయారు. కాలివేళ్లు రెండు తీసేశారు. నేను బత్తాయిలు పట్టుకుని చూడబోయాను. మంచం పక్కన ఇంకెవరూ లేరు.

"మాత్రలు వేసుకుంటానే ఉండావు గదా అక్కా, ఇట్లెందుకైంది?" అన్నాను.

"యాడ వేసుకున్యా చెల్లే. నీ సాక్ష్యం విన్న దినమే ఆపేసినా. నీకు చేసిన దేవుడు నాకు చేయడా అనుకున్యా."

ఆమే నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వు బాధపడబాకు. నీ విశ్వాసం గట్టిది. నాదే చాల్లేదు."

అప్పుడు చెప్పాల్సింది. గదిలో మేమిద్దరమే ఉన్నాం, ఒక్క వాక్యం చాలు. నేను ఒక బత్తాయి వలిచి, ఆమె తినకూడదని గుర్తొచ్చి, ఆ తొనలు నేనే తిన్నాను. "మాత్రలు మాత్రం మానొద్దక్కా ఇంక" అని బయటికొచ్చి బస్సెక్కాను. కంభం దాకా కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉన్నాను, ఏమీ కనబడలేదు.

ఆ తర్వాత పరుగు మానేశాననుకుంటున్నారా? లేదు. ఇంకా ఎక్కువ పరుగెత్తాను. అది ప్రాయశ్చిత్తం అని రాస్తే బాగుంటుంది గానీ అబద్ధమవుతుంది. నాకు ఇష్టమై పరుగెత్తాను. రోడ్డెక్కిన కాసేపటికి కరుణక్క కూడా గుర్తుండేది కాదు. వేరే ఊళ్లో ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు పందెం పెడితే పెళ్లికి పోతున్నామని చర్చిలో చెప్పి పోయాం. మొదట్లో నన్ను దాటిపోయిన కుర్రకారు చివర్లో నడుములు పట్టుకుని నిలబడ్డారు. నేను వాళ్లను దాటుకుంటూ పోయాను, పెదాల మీద కీర్తనతో. మెడలో పతకం వేశారు. మా ఆయన ఆటోవాళ్లందరికీ ఫోటో పంపబోతే చేతిలోంచి ఫోను లాక్కున్నాను. ఆ పతకం చీరల కింద పెట్టెలో ఉంది. నేను పరుగెత్తానని తెలిస్తే నా సాక్ష్యం బొంకని తెలుస్తుంది. నా జీవితంలో నా అంతట నేను సాధించింది అదొక్కటే. దాన్ని దొంగసొత్తులా దాచుకోవాల్సి వచ్చింది. ఆ శిక్ష నాకు సరిపోతుందా? ఆమె పోగొట్టుకున్నది వేళ్లు, నేను పోగొట్టుకున్నది నాలుగు పొగడ్తలు. ఈ లెక్క ఎక్కడా కుదరదని నాకు తెలుసు.

పోయిన వారం కరుణక్క మా ఇంటికి వచ్చింది. ఒక పక్కకు ఒరిగి నడుస్తోంది. వెంట వాళ్ల వీధిలోని ఒక చిన్న వయసు కోడలు పిల్ల. ఆ పిల్లకు కొత్తగా షుగరని తేలిందట. నా సాక్ష్యం నా నోటితోనే వినిపించాలని తీసుకొచ్చింది. మిషను ఆపాను. ఆ పిల్లతో మాత్రలు మానొద్దని, డాక్టరు చెప్పినట్టు చేయమని గట్టిగా చెప్పాను. రోజూ నడవమన్నాను. కరుణక్క నా వంక చూసింది. ఆ చూపులో కోపం లేదు, అనుమానం కూడా లేదు. నేను ఏదో మరిచిపోయి మాట్లాడుతున్నానన్నట్టు చూసింది. టీ పెడతానని లోపలికి పోయాను.

కరుణక్కకు చదువు రాదు. ఇది ఆమె కంట పడదని తెలిసే రాస్తున్నానా? కావచ్చు. రాచర్ల దాకా పోయి రాగల కాళ్లు పక్క వీధిలోని ఆమె గడప దాకా పోలేకపోతున్నాయి. మీరు క్షమించినా లాభం లేదు, అది మీ చేతుల్లో లేదు. కానీ ఈ వాక్యాలు ఒక్కసారైనా ఎక్కడో ఒకచోట ఉన్నదున్నట్టు ఉండాలి. రాస్తుంటే ఊపిరి సాఫీగా ఆడుతోంది.

కరుణక్క వేళ్లు పోయింది విశ్వాసం చాలకపోవడం వల్ల కాదు. నేను మాత్ర వేసుకున్నాను. నేను పరుగెత్తాను.