అత్త కొరికిన వెల్లుల్లి రొట్టె

మా వంటగదికి తలుపు లేదు. తలుపు చేసే పనంతా గడప దగ్గర మా అమ్మ కుర్చీ చేస్తుంది. పొద్దున పాలు పొంగినప్పటి నుంచి రాత్రి గ్యాసు కట్టేసే దాకా అమ్మ అందులో కూర్చుని, లోపలికి పోయే ప్రతి కరివేపాకు రెమ్మనూ సరిహద్దు దాటే మనిషిని చూసినట్టు చూస్తుంది. మోకాళ్ళు అరిగిపోయి నిలబడి వండలేదు కాబట్టి కూర్చునే వండుతుంది. చేతులు మాత్రం నా భార్యవి.

పెళ్ళయి పాతికేళ్ళు. ఇన్నేళ్ళలో ఆ వంటగదిలో నా భార్య సొంతంగా తీసుకున్న నిర్ణయం ఒక్కటే. వేడి గిన్నె దించడానికి ఏ మసిగుడ్డ వాడాలన్నది. పండగ రోజుల్లో అదీ అమ్మే చెబుతుంది.

ఇలా సాగిపోతున్న రాజ్యంలోకి వెల్లుల్లి రొట్టె అనే శత్రువు ఊరికి ఆ చివరనున్న బ్రూక్‌ఫీల్డ్ వైపు నుంచి వచ్చింది. అక్కడ ఆఫీసులో పనిచేసే మా అమ్మాయి, ఎవరిదో పుట్టినరోజు విందులో మిగిలిన గార్లిక్ బ్రెడ్డును డబ్బాలో పెట్టుకుని మా కాటన్‌పేట దాకా మోసుకొచ్చి, మా అమ్మ చూడకుండా తన తల్లికి ఇచ్చింది. నా భార్య మేడ మెట్ల మీద నిలబడి ఒక ముక్క కొరికి, మెల్లగా కళ్ళు మూసుకుంది. పాతికేళ్ళలో నన్ను చూసి ఆమె ఒక్కసారైనా అలా కళ్ళు మూసుకున్న గుర్తు లేదు. విసుగుతో మూసుకున్నవి లెక్కలోకి రావు.

మర్నాడు ఆమె కుర్చీ ముందుకు వచ్చి నిలబడింది.

"అత్తా, ఆదివారం సాయంత్రం ఒక్క పూట నా ఇష్టానికి వండుకుంటాను. తెల్లగడ్డతో రొట్టె చేస్తాను."

ఇంట్లో ఫ్రిజ్ కూడా గుర్రుమనడం ఆపేసిందని నా నమ్మకం. అమ్మ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

"నీ ఇష్టమా? ఇన్నినాళ్ళు యాడ పెట్టుకోనుంటివే దాన్ని? ఇల్లు ఊడ్చేటప్పుడు కూడా నాకు కనపడలేదే."

మా తమ్ముడు కాఫీ గుక్కకు పొలమారేటంత నవ్వాడు. వాడికి పీణ్యలో చిన్న లేత్ షాపు ఉంది. లోకంలో ఏ సంగతినైనా లేత్ మిషన్ దగ్గరికి లాక్కుపోతాడు. "వదినా, ఇష్టమంటే మిషన్ మాదిరి. కొనేది సులభం. నడిపించేకి గట్టి మనుషులు కావాల."

నా భార్య కదల్లేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"సరేలే," అంది అమ్మ. "ఈ ఆదివారం చెయ్ నీ తెల్లగడ్డ రొట్టె. పళ్ళెం ఖాళీ అయిందా, ఇంగ ప్రతి ఆదివారం సాయంత్రం నీది. నేను ఈ కుర్చీ ఎత్తుకోని హాల్లోకి పోతా. ఒక్క ముక్క మిగిలిందా, ఈ మాట మళ్ళా ఎత్తకూడదు. నేను సచ్చినంక కూడా."

చచ్చిపోయాక కూడా చెల్లేటట్టు షరతు పెట్టగలిగింది మా వంశంలో అమ్మ ఒక్కతే.

ఆదివారం వచ్చింది. సామాన్ల గది తాళం అమ్మ బొడ్లోనే ఉంటుంది కాబట్టి వెన్న కోసం నా భార్య చేయి చాపాల్సి వచ్చింది. అమ్మ ఇచ్చిన ఆవగింజంత వెన్నముద్దను చీమ చూస్తే సిగ్గుతో తల దించుకుని వెళ్ళిపోయేది. వెల్లుల్లి మాత్రం గంపెడు ఇచ్చింది, అన్నీ గోరుకు దొరకని సన్నరెబ్బలు. మధ్యాహ్నమంతా ఒలిచి ఒలిచి నా భార్య వేళ్ళు మండిపోయి, చన్నీళ్ళ చెంబులో ముంచుకుని కూర్చుంది. అమ్మ కుర్చీలోంచి వంగి చూసి, "ఇష్టం కొంచెం మంటగానే ఉంటాదిలే," అని ఓదార్చింది.

బ్రెడ్డు వీధి చివరి బేకరీ నుంచి వచ్చింది. ఆ బేకరీ బ్రెడ్డు తియ్యగా ఉంటుంది. ఈ పాతపేటల్లో పుట్టి పెరిగిన మాకు బ్రెడ్డంటేనే తీపి. పాలల్లో ముంచుకుంటాం, జ్వరం వస్తే తింటాం. వెల్లుల్లి రొట్టెకు చప్పటి బ్రెడ్డు కావాలని, అసలు అలాంటిది ఒకటి లోకంలో ఉంటుందని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు. తోచగలిగిన ఒక్క మా అమ్మాయి ఆ వేళకు స్నేహితురాలితో సినిమాకు పోయింది.

రుచి చూసి ఉంటే నా భార్యకే తెలిసేది. కానీ మా ఇంట్లో వండే మనిషి వండేటప్పుడు రుచి చూడకూడదు. ముందు దేవుడికి నైవేద్యం, తర్వాత ఇంటివాళ్ళకు, ఆఖరున వండిన చేతికి. వెల్లుల్లిని దేవుడికి పెట్టరు కదా, మరి ఇప్పుడెలా అని నేను ధర్మసందేహం లేవదీశాను.

అమ్మ రెప్ప వాల్చకుండా తీర్పు చెప్పింది. "దేవునికి పెట్టంది మనుషులకి పెడతారు. మనుషులు తిన్నంక ఆయమ్మ తింటాది. దాంట్లో ఏముండాది సందేహం?"

కాబట్టి వెన్న, దంచిన వెల్లుల్లి, కొత్తిమీర, ఉప్పు, మా అమ్మాయి ఆఫీసులో తినే పిజ్జాలతో వచ్చి డబ్బాలో పోగుపడిన ఎండుమిరప పొట్లాలు అన్నీ కలిపి, గుడ్డిగా ముక్కలకు పూసి, పెనం మీద పెట్టి మూత వేసింది. ఓవెన్ మాకు లేదు. వాసన లేచింది. ఆ వాసన మా మేడ ఎక్కి, పక్క మేడ దిగి, మైసూరు రోడ్డు దాకా పోయి అక్కడ సిగ్నల్ దగ్గర ఆగిన వాళ్ళ ఆకలిని కూడా లేపిందని ఎవరైనా చెబితే నేను కాదనను. అంత మంచి వాసన. బ్రెడ్డులోని చక్కెర మాత్రం మూత కింద తన పని తాను చేసుకుపోతోంది.

"మాడతాంది," అంది అమ్మ, ఎంతో హాయిగా.

నా భార్య మూత తీసేసరికి అడుగంతా నల్లబడింది. గీకగలిగినంత గీకింది. పళ్ళెంలో పేర్చి, గడప ముందు నేల మీద కూర్చున్న మా మధ్య పెట్టి, తాను గోడకు ఆనుకుని నిలబడింది. అప్పుడే ఇంటికొచ్చిన మా అమ్మాయి కూడా చెప్పులు విడిచి మా పక్కన చతికిలబడింది.

మొదటి ముక్క నోట్లో పెట్టుకున్నాను. వెల్లుల్లీ చక్కెరా నా నాలుక మీద కలుసుకుని, ఆస్తి పంపకాల నాటి అన్నదమ్ముల్లా ఒకదాని గొంతు ఒకటి పట్టుకున్నాయి. మాడు వచ్చి పెద్దమనిషిలా మధ్యలో కూర్చుంది. నా ఎడమ కంట్లోంచి నీళ్ళు కారాయి. కుడి కన్ను ఇంకా నమ్మలేదు.

"ఎట్లుండాది?" అని అడిగింది నా భార్య.

"వదినా, ఇది పాయసమా, పచ్చడా?" అన్నాడు తమ్ముడు. "ముందే చెప్పింటే నోటికి ఒక మాట చెప్పి పెట్టుకుంటా ఉంటి."

మా అమ్మాయి చాలాసేపు నమిలి, "టేస్ట్ ఇంటరెస్టింగ్‌గా ఉంది మా," అంది. ఉద్యోగంలోంచి తీసేసే ముందు వాళ్ళ ఆఫీసులో అలాగే మాట్లాడతారట.

అయినా తిన్నాం. తమ్ముడు తిన్నది వదిన మీద జాలితో కాదు. పొయ్యి ఒక్క పూటైనా ఆమె చేతికొస్తే ఈ శాకాహారపు కోటలోకి కోడిగుడ్డు ప్రవేశిస్తుందని వాడి ఆశ. కుర్చీ హాల్లోకి పోతే ఫ్రిజ్ దగ్గరికి నాకు అడ్డులేని దారి దొరుకుతుందని నా ఆశ. మా అమ్మాయి ఒక్కతే తల్లి కోసం తిన్నది. అందుకేనేమో అందరికన్నా ఎక్కువ ఇబ్బంది పడింది. నీళ్ళ మీద నీళ్ళు తాగుతూ, ఒకరి తొడ ఒకరం గిల్లుకుంటూ పళ్ళెం ఖాళీ చేసుకుంటూ వచ్చాం. ముక్క తగ్గినప్పుడల్లా నా భార్య వీపు గోడ నుంచి కొంచెం ముందుకు వస్తోంది.

ఆఖరి ముక్క దగ్గర అమ్మ చేయి చాపింది. "ఇట్లియ్. నేనూ చూడాల కదా కోడలి ఇష్టం ఎట్లుంటాదో."

మా అమ్మాయి అందించింది. అమ్మ దాన్ని వెలుతురుకు ఎత్తి, తిప్పి, మూల చూసి బియ్యపు గింజంత కొరికింది. ఆ గింజను చెరుకు గడ నమిలినట్టు నమిలింది. తర్వాత వంగి, ముక్కను తెచ్చి పళ్ళెం నడిమధ్యన పెట్టింది.

"నాకు సాకు, ఇంగ చాలు."

మా ఇంట్లో దొంగతనానికి క్షమాపణ దొరకొచ్చు, ఎంగిలికి దొరకదు. మేం గ్లాసును పెదవికి తాకించకుండా ఎత్తి పోసుకునే జాతి. కన్నబిడ్డ కొరికిన జామకాయ కూడా మా అమ్మ ముట్టదు, తాను కొరికింది మమ్మల్ని ముట్టనివ్వదు. ఇప్పుడు ఆ ముక్కను తినేవాళ్ళు ఇంట్లో లేరు. వీధి కుక్కకు వేద్దామంటే, మనుషులు తిననిది అమ్మ లెక్కలో మిగిలినట్టే. బియ్యపు గింజంత కొరుకుడుతో పాతికేళ్ళ కోరికను కూల్చడం చూసి, కడుపున పుట్టినందుకు నాకు గర్వంగా కూడా అనిపించింది.

"మిగిలిపాయనే," అంది అమ్మ. "ఏం చేస్తాం."

"అది నీ ముక్కే కదమ్మా, నువ్వే తినాల," అన్నాడు తమ్ముడు, కోడిగుడ్డు కళ్ళముందే పగిలిపోతుంటే.

"డాక్టరు మైదా తినొద్దన్నాడప్పా. పెద్దముండని, తిని సావమంటావా?"

నా భార్య నా వైపు చూసింది. నేను ఫ్యాను వైపు చూశాను. ఫ్యాను బాగానే తిరుగుతోంది.

ఆమె గోడ వదిలి వచ్చి, పళ్ళెం ముందు నేల మీద కూర్చుంది. ముక్క తీసుకుని, అమ్మ కొరికిన మూల నుంచే మొదలుపెట్టింది. అప్పటిదాకా తన వంట తనకే తెలియదు. రెండోసారి నమిలేసరికి ఆమె మొహం మారింది. అందరమూ ఏం తిన్నామో, ఎందుకు కళ్ళు తుడుచుకున్నామో తెలిసిన మొహం అది. ఉమ్మేస్తుందనుకున్నాను. మాడిన అంచుతో సహా మింగి, పళ్ళెం బోర్లించింది.

"ఐపోయిందత్తా."

"నా ఎంగిలి తింటివే!"

"తింటి."

అమ్మ కుర్చీ చేతులు ఆసరాగా పట్టుకుంది. లేచింది. కుర్చీ తానే ఈడ్చుకుంటూ హాల్లోకి పోయి, కూర్చుని, ఫోను తీసింది. ఓడిపోయిందనుకుని తమ్ముడు నా వీపు చరిచాడు. ఇంకో నిమిషంలో ఆ చెయ్యి అక్కడే ఆగింది.

"అక్కా, బాగుండారా?" ఫోనులో అమ్మ గొంతు తేనెలో నానింది. "వచ్చే ఆదివారం సాయంత్రం అందరూ మా ఇంటికి రావాల. మా కోడలు ఇంగ ఆదివారమాదివారం అదేందో తెల్లగడ్డ రొట్టె చేస్తాదంట. ఊహూఁ, నేను చెయ్యి పెట్టను, అంతా ఆయమ్మే. మనవళ్ళను కూడా పిల్చుకోని రాండి." బళేపేట పెద్దమ్మ తర్వాత చిక్కపేట వాళ్ళు, ఆ తర్వాత వాళ్ళ వియ్యంకులు. ఆదివారాన్ని ఇచ్చినట్టే ఇచ్చి, దాని నిండా చుట్టాలను కుక్కుతోంది.

నా భార్య పళ్ళెం కడిగి, తుడుచుకుంటూ హాల్లోకి వచ్చింది. గొంతు అమ్మ గొంతంత తియ్యగా ఉంది.

"రానీండత్తా. ఇదే రొట్టె చేస్తాను. ఇదే బేకరీ బ్రెడ్డు, ఇంగొంచెం తెల్లగడ్డ ఎక్కువేసి. ఎవరు నేర్పించిందని అడిగితే, మా అత్త గడపలో కూసోని దగ్గరుండి నేర్పించిందంటాను."

బంధువుల్లో అమ్మకున్న పేరంతా తన చేతి వంటది. పెళ్ళిళ్ళలో సాంబారు దించేముందు వంటవాళ్ళు ఆమె కనుబొమ్మలు చూసి దించుతారు. ఆ కనుబొమ్మలు ఇప్పుడు దగ్గరికొచ్చి, చాలాసేపు ఏదో మాట్లాడుకున్నాయి. తర్వాత అమ్మ మళ్ళీ బళేపేట నంబరు నొక్కింది.

"అక్కా, మళ్ళా నేనే. ఆదివారం రావాకండి. లేదు లేదు, ఇప్పుడు బాగనే ఉండాను. ఆదివారానికి జరం వచ్చేట్లుండాది."