ఇంకలేదు

మొన్నటి వానకు సుబేదారిలోని మా అపార్ట్‌మెంటు ఇంకుడుగుంత నిండిపోయింది. మనవరాలు పొద్దుటి నుంచి నాలుగుసార్లు తొంగిచూసి వచ్చి, "అమ్మమ్మా, నీళ్లు ఇంకలేదు" అంది. బడి తెలుగు దానిది, మాటను చివరిదాకా పలుకుతుంది. నేను టీ కప్పు పక్కన పెట్టేశాను; చిన్నప్పుడు ఆ మాట వేరేలా విన్నాను.

మాది కాజీపేట. నాన్నది రైల్వేలో పని. నా ఏడో ఏట, వానాకాలంలో, అమ్మ పోయింది. సమాధి దగ్గర, కోస్తా నుంచి కొత్తగా వచ్చిన పాస్టరయ్య నా తల మీద చెయ్యి పెట్టి, మీ అమ్మ ఇంక లేదమ్మా అన్నాడు. ఆయన తప్పేం లేదు, మెత్తగానే చెప్పాడు. కానీ మా ఇంట్లో బియ్యం అయిపోయినా, మనిషి పోయినా 'ఇగ లేదు' అనేవాళ్లం. ఇంకడమంటే నాకు తెలిసింది నీళ్ల సంగతే: చేనులో వాన ఇంకుతుంది, అన్నంలో ఎసరు ఇంకుతుంది. అమ్మ మట్టిలోకి ఇంకలేదట, అంటే ఎక్కడో పైనే ఉందన్నమాట. ఆనాటి నుంచి వంటింట్లో గాజుల చప్పుడు వినబడేది. గడప దగ్గర తడి కనబడితే అవి అమ్మ అడుగులే అనుకుని, ఎవరూ తుడవకుండా పీట వేసుకుని కాపలా కూర్చునేదాన్ని. నాయనమ్మ నాకు జ్వరం తగిలిందనుకుని మిరియాల కషాయం పట్టింది.

నాలుగో నాడు మళ్లీ వాన. మా రైల్వే క్వార్టర్ల వెనకే సమాధులు. నాయనమ్మ వెతుక్కుంటూ వచ్చేసరికి, నేను అమ్మ సమాధి మీద నిలిచిన నీళ్లను కొబ్బరిచిప్పతో తోడి అవతల పోస్తున్నాను.

"ఏం చేస్తున్నవే?"

"నీళ్లు ఇంకితే అమ్మ గూడ ఇంకుతది నాయనమ్మా. పాస్టరయ్య ఇంకలేదన్నడు గద."

బడి దూరమని నాకు ఇంట్లోనే అక్షరాలు దిద్దించిన మనిషి ఆమె. తిట్టలేదు. ఇంటికి తీసుకొచ్చి, తల తుడిచి, పలక మీద ఒకదాని కింద ఒకటి రాసింది: ఇంకలేదు. ఇంక లేదు. రెండో దాని నడుమ వేలు పెట్టింది.

"ఈడ జర జాగ ఉన్నది, సూడు బిడ్డా. ఆయన ఇంక అన్నా, మనం ఇగ అన్నా ఒక్కటే."

నేను వేలు తడిచేసుకుని, ఆ జాగ ఉన్న మాటను చెరిపేశాను. నాయనమ్మ మళ్లీ రాయలేదు. ఆ ఒక్క దయకు ఇప్పటికీ ప్రతి ప్రార్థనలో కృతజ్ఞత చెప్పుకుంటాను.

సాయంత్రానికి గుంతలో నీళ్లన్నీ పోయాయని మనవరాలు వచ్చి చెప్పింది. వంటింట్లో ఎవరూ లేరు, గాజులు మాత్రం కదిలాయి. దేవునికి స్తోత్రం, కాలం మట్టి కంటే మెల్లగా తాగుతుంది; అరవై ఏళ్లయినా మా అమ్మ ఇంకలేదు.