బొట్టు పెట్టిన తాళం

తాళం తీసేటప్పుడు జగన్నాధం దాని మీద తువ్వాలు కప్పి, ఆ చాటున వేళ్లు కదిపేవాడు. రాజాంలో అతని ధాన్యం కొట్టు తాళానికి చెవి లేదు. నాలుగు ఇత్తడి చక్రాలు తిప్పి, గుర్తుమాటలోని నాలుగక్షరాలూ ఒక గీతకు తెస్తేనే ఊడుతుంది. ఆ మాట భార్య లక్ష్మీనరసమ్మకు కూడా చెప్పలేదు. ఆమెకు చదువు రాదు. అయినా ఆమె దగ్గరికొస్తే తువ్వాలు ఇంకాస్త కిందికి లాగేవాడు. తాళం వేశాక చక్రాలు చెదరగొట్టి, గుమ్మం దాకా నడిచి, వెనక్కి వచ్చి మళ్లీ చెదరగొట్టేవాడు.

అరవై ఎనిమిదిలో, దసరా వెళ్లాక, అతను శ్రీముఖలింగం వెళ్లిన రోజున గాలివాన పట్టింది. తిరిగొచ్చేసరికి కొట్టు పైకప్పు ధారగా కారుతోంది. విత్తనాల బస్తాలు మాత్రం ఇంటి వసారాలో పొడిగా ఉన్నాయి. అతను బస్తాల వంక చూడలేదు.

"గుర్తుమాట నీకెవులు సెప్పినారే?"

"నువ్వే సెప్పినావు," అంది లక్ష్మీనరసమ్మ, తడిసిన తల తుడుచుకుంటూ. "దసరా పూజకి తాళం తీసి, వరసనున్న అక్షరాలకి బొట్లెట్టినావు కాదేటి? ఆ నాలుగు బొట్లూ మళ్లీ వరసకి తెచ్చినాను, ఊడొచ్చింది. సదువు రానిదాన్ని, నాకు మాటలతో పనేటి?"

మర్నాడు ఉదయం జగన్నాధం తాళాన్ని చింతపండుతో తోమాడు. భార్య భరిణెలోంచి కుంకుమ తెచ్చుకుని, తువ్వాలు చాటున, తప్పు అక్షరాల మీద నాలుగు బొట్లు పెట్టాడు.