పెంటమ్మ మెడలో పల్లవి

నా ఆధార్ కార్డు మీద పేరు చూసి, "అమ్మమ్మా, దీనికి అర్థం ఏంటి? మా టీచర్ ఇంట్లో వాళ్ళందరి పేర్లకీ అర్థాలు రాసుకుని రమ్మంది" అని ఫోనులో అడిగావు కదా చిన్నీ. చెబుతాను. కాకపోతే ముందు ఇంకొకావిడ పేరు సంగతి చెప్పాలి. నీ తమ్ముణ్ణి కూడా పిలువు, మళ్ళీ మళ్ళీ చెప్పే ఓపిక లేదు నాకు.

ఆ రోజుల్లో హైటెక్ సిటీ అంటే ఏముందనుకున్నారు? నాలుగు అద్దాల భవనాలు, చుట్టూ బండరాళ్ళు, మధ్యాహ్నం పూట ఆ రాళ్ళు పేల్చే చప్పుడు. శ్రీకాకుళం వైపు నుంచి పిల్లలతో కొత్తగా కాపురం మార్చుకుని వచ్చిన నేను, నిజాంపేటలో బస్సెక్కి, ఇంకో బస్సు మారి, ఆఫీసు చేరేసరికే సగం చచ్చిపోయేదాన్ని. (మిగతా సగాన్ని మా ప్రొసీజర్ సార్ చూసుకునేవారు. మంచినీళ్ళు కావాలన్నా "దానికి ప్రొసీజర్ ఏమిటి?" అనేవారు కాబట్టి ఆ పేరు.) అందరికీ ఫొటో కార్డులు టైపు చేసి, ప్లాస్టిక్ వేయించి, తాడు కట్టి ఇవ్వడం నా ఉద్యోగం.

ఊడ్చే వాళ్ళ జాబితాలో బోరబండ నుంచి నడిచొచ్చే పెంటమ్మ పేరు వచ్చింది. టైపు చేయబోతే వేళ్ళు ఆగిపోయాయి. అంత మెరిసే కార్డు మీద, విదేశీ అతిథులు తిరిగే చోట, ఆ పేరా? పాపం అనిపించింది. ఎవరినీ అడక్కుండా 'పల్లవి' అని కొట్టేశాను. చిగురు అని అర్థం. పుణ్యం చేసుకున్నానని ఆ పూట ఇంకో టీ కూడా తాగాను. ఆవిడకి చదువు రాదు, కార్డు మెడలో వేసుకుని వెళ్ళిపోయింది. రెండు రోజులు గేటు దగ్గర వాచ్‌మన్ "పల్లవీ, ఓ పల్లవీ" అని అరవడం, ఈవిడ చీపురు పట్టుకుని తన మానాన తను వెళ్ళిపోవడం.

మూడో రోజు జ్వరం కళ్ళతో నా బల్ల దగ్గరికొచ్చి, కార్డు తీసి ముందు పడేసింది. "నా పేరు నాకియ్యి మేడమ్."

"మంచి పేరే కదా పెట్టాను, పెంటమ్మా."

"ఎవలడిగిన్రు నిన్ను? నా ముందల ముగ్గురు పుట్టి పోయిన్రు. నేను పుట్టంగనే మా అవ్వ నన్ను పెంట మీద పండబెట్టి, మల్ల ఎత్తుకొచ్చుకుంది. సావు గిట్ల వచ్చినా, ఇది పెంటనే అని సూడకుంట పోవాలెనని. ఇన్నేండ్లు దాసుకున్న పానం. పల్లవంటే చిగురని వాచ్‌మన్ జెప్పిండు. నువ్వు నా మెడల బోర్డు గట్టినవ్, చిగురున్నది రమ్మని! జొరమచ్చింది సూడు."

ఆ కార్డు మళ్ళీ మెడలో వేసుకోనంది. కార్డు లేనిదే వాచ్‌మన్ లోపలికి రానివ్వడు. రెండు రోజులు రాకపోతే కాంట్రాక్టరు ఇంకొకరిని తెచ్చుకుంటాడు. ఆవిడ కొలువు నా వేళ్ళ మూలాన పోయేలా ఉంది. సార్ దగ్గరికి పరిగెత్తి నిజం ఒప్పుకున్నాను. ఆయన కంప్యూటర్లోకి చూసి, "ఇక్కడ పల్లవి ఉంది. ఈవిడే ఆవిడని ఎలా తెలుస్తుంది? అఫిడవిట్ తీసుకురండి" అన్నారు. పక్కనే నిలబడి దగ్గుతున్న మనిషిని చూపించినా లాభం లేకపోయింది.

సగం పూట సెలవు పెట్టి, ఎండలో ఆవిడని వెంటబెట్టుకుని నోటరీ గొడుగు కిందికి చేరాను. ఆయన మా కథంతా విని కళ్ళజోడు తీశాడు. "అమ్మా, ఇరవై ఏండ్లసంది గీ పని జేస్తున్న. పెంటమ్మ పల్లవి అయితనంటే మస్తుమందికి రాసిన. పల్లవి పెంటమ్మ అయితనన్నది ఇయ్యాలనే సూస్తున్న." రాశాడు. పెంటమ్మ వేలిముద్ర వేసింది. సాక్షిగా నన్ను సంతకం పెట్టమన్నాడు, "రేషన్ కార్డు మీద ఎట్లుంటే గట్లనే."

ఆఫీసులో నన్ను అందరూ తనూజ అనేవారు. (కార్డులు చేసేది నేనే కదా, మొదటి కార్డు నాకే చేసుకున్నాను. ఎవరూ అఫిడవిట్ అడగలేదు.) అసలు పేరు రాశాను. ఆయన పైకి చదివాడు. "తవిటమ్మ?"

పెంటమ్మ నా వైపు తిరిగింది. చెప్పక తప్పలేదు. నా ముందు ఇద్దరు పోతే, పుట్టగానే నన్ను మంత్రసానికి ఇచ్చేసి, చేటెడు తవుడు పోసి మళ్ళీ కొనుక్కున్నారు మా వాళ్ళు. తవుడుకొచ్చిన పిల్ల మీద చావుకి మాత్రం ఏం మోజుంటుంది? ఆవిడ జ్వరం మర్చిపోయి పగలబడి నవ్వింది. "నువ్వు గూడ గంతేనా అక్కా! మల్ల నన్నెందుకు పరేషాన్ జేసినవే?"

మర్నాటి నుంచి ఆవిడకి పాత పేరు తిరిగొచ్చింది, నాకూ వచ్చింది. పొద్దున్నే అద్దాల హాలు ఈ చివర నుంచి ఆ చివరికి "తవిటమ్మక్కా, కాళ్ళు జర జూసుకో, తడి ఉన్నది!" అని కేక. సార్ తలెత్తి చూసేవారు. నేను కొన్నాళ్ళు తల దించుకుని నడిచాను, తర్వాత దించుకునే ఓపిక కూడా పోయింది.

ఒకసారి అన్నం తింటూ అడిగాను, "భయం లేకపోతే మీ అవ్వ నీకేం పేరు పెట్టేదో?" అని. "గది మా అవ్వకే ఎర్క, ఆమె పాయె. మీ అమ్మ ఉన్నది గద, నువ్వడిగినవా?" అంది.

ఆ వేసవిలో ఊరెళ్ళినప్పుడు అడిగాను. అమ్మ చింతపండు గింజలు తీస్తోంది. ఒక్క క్షణం పెదవి కదిలింది, పేరు వచ్చేసిందనే అనుకున్నాను. అంతలో గుమ్మం వైపు చూసి, గొంతు తగ్గించి, "బతికున్నావు కదే. ఇంకా ఆ పేరెందుకు?" అని మళ్ళీ గింజల్లో పడింది. పిల్లల తల్లిని, ఉద్యోగం చేస్తున్నదాన్ని, అయినా ఇంకా నన్ను దాస్తూనే ఉంది పిచ్చి మనిషి. తర్వాత ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు. అమ్మ కూడా వెళ్ళిపోయింది.

రాసుకో చిన్నీ: తవిటమ్మ, చేటెడు తవుడుకి కొన్న పిల్ల. కింద ఒక గీత ఖాళీగా వదిలెయ్. అమ్మ మనసులో నేనెవరినో?