ఫోర్ట్ వేన్‌లో మిస్సమ్మగారు అడిగినది

ఏటా డిసెంబరు ముప్పై ఒకటిన మా చర్చిలో ఒక్కొక్కరూ లేచి, గడిచిన ఏడాదికి కృతజ్ఞతా సాక్ష్యం చెబుతారు. 1981లో నా సాక్ష్యం గురించి ఆలోచిస్తుంటే, ముందు ఒక మనిషిని చూసి రావాలనిపించింది. కందుకూరు దగ్గర మిషన్ బడిలో నాకు అక్షరాలు దిద్దించిన ఎడిత్ మిస్సమ్మగారు. అమెరికన్ మిషనరీల బిడ్డే అయినా ఆమె పుట్టింది మా వైపే. తల్లి పోతే ఆయా చేతుల్లో పెరిగారు. రిటైరయ్యాక ఇండియానాలోని ఫోర్ట్ వేన్ చేరారు. నన్నేమో మా సంఘం క్లీవ్‌లాండ్‌లోని ఒక చర్చి బడికి టీచరుగా పంపింది.

ఫోన్ చేస్తే ఆమె మేనకోడలు మార్తా పలికింది.

"తప్పకుండా రండి. కానీ అత్తకి వేసవిలో పక్షవాతం వచ్చింది. అప్పట్నించీ మాట పోయింది. ఏవో శబ్దాలు చేస్తుంది, అంతే."

క్రిస్మస్ వెళ్ళిన మూడో రోజు పొద్దున ఏడింటి బస్సెక్కాను. రానూపోనూ టికెట్ ఒకేసారి తీసుకుంటే కొంత కలిసొస్తుంది. దారి పొడవునా మంచు కప్పిన మొక్కజొన్న చేలు, మధ్యలో ఎర్రటి కొట్టాలు. పక్క సీట్లో ఒక ముసలి రైతు నా చీరను, పైనున్న ఓవర్‌కోటును మార్చి మార్చి చూసి, "ఏం పనమ్మా మీది?" అన్నాడు. మిషనరీ టీచర్నన్నాను.

"మిషనరీలని మేం మీకు పంపుతాం కదా," అన్నాడు.

"ఇప్పుడు మేమూ పంపుతున్నాం," అన్నాను.

టొలీడోలో బస్సు మారాలి. గంటసేపు ఆగాలి. స్టేషన్‌లో కాఫీ బాగుంటుంది, తిండి మాత్రం ఇంటినుంచే తెచ్చుకోవాలి. నేను పులిహోర కట్టుకున్నాను. ఒంటిగంట దాటాక ఫోర్ట్ వేన్‌లో దిగితే మార్తా కారుతో నిలబడి ఉంది.

నర్సింగ్ హోమ్ వసారాలో ఇంకా క్రిస్మస్ దండలు వేలాడుతున్నాయి. డోరిస్ అనే నర్సు మాకు దారి చూపిస్తూ అడిగింది: "మీరు ఇండియానుంచి కదా. ఈవిడకి అక్కడ పానూ అని ఎవరైనా ఉన్నారా? పొద్దస్తమానం ఆవిణ్ణే పిలుస్తుంది."

నాకు తెలిసి ఎవరూ లేరన్నాను.

గదిలోకి అడుగుపెట్టి అలాగే నిలబడిపోయాను. మిస్సమ్మగారు చక్రాల కుర్చీలో ఉన్నారు. రెండు చేతులూ కుర్చీకి గుడ్డపీలికలతో కట్టేసి ఉన్నాయి. ఒళ్ళు సగమైపోయింది.

"స్పూన్ నోటి దగ్గరికి తెస్తే కొడుతుంది. ఏం చేయమంటారు?" అంది డోరిస్, నా మొహం చూసి.

నేను కుర్చీ ముందు మోకాళ్ళమీద కూర్చుని, "మిస్సమ్మగారూ" అన్నాను. ఆమె కళ్ళు నావైపు తిరిగాయి. పెదవులు వంకరపోయి మాట ముద్దగా వచ్చింది. కానీ ఒక్క అక్షరం కూడా నాకు అర్థం కాకుండా పోలేదు.

"వచ్చినావా ఆయా. పన్ను సలపతా ఉందే. వేడిది పెట్టొద్దని చెప్పవే వీళ్ళకి."

పానూ మనిషి కాదు. పన్ను. పక్షవాతం ఆమె ఇంగ్లీషును తుడిచేసింది. చిన్నప్పుడు ఆయా దగ్గర నేర్చిన తెలుగు మిగిలింది. నాలుగైదు నెలలుగా ఆమె తెలుగులో పన్ను నొప్పని చెబుతూనే ఉన్నారు. వింటున్నవాళ్ళు ఆమెకు వేడి సూప్ పట్టిస్తున్నారు.

"ఇది శబ్దం కాదు. భాష," అన్నాను డోరిస్‌తో. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఆమెకు పన్ను నొప్పి. ఆమె చేతులు విప్పండి."

డోరిస్ బ్యాటరీ లైటు తెచ్చింది. నేను "నోరు తెరవండమ్మా" అనగానే మిస్సమ్మగారు చంటిపిల్లలా తెరిచారు. వెనక దవడ చిగురు ఉబ్బి చీము పట్టి ఉంది. డోరిస్ లైటు ఆర్పి మంచం అంచున కూర్చుండిపోయింది. "మాకు దగ్గరికి రానిచ్చేది కాదు," అని మాత్రం అంది. మార్తా గోడకు ఆనుకుని ఏడ్చింది.

సాయంత్రానికి దంతవైద్యుడు వచ్చి పన్ను తీశాడు. అంతసేపూ నేను ఆమె చెయ్యి పట్టుకుని, ఆయన చెప్పిందల్లా తెలుగులో చెప్పాను. ఆ రాత్రి మార్తా ఇంట్లోనే పడుకున్నాను.

మర్నాడు పొద్దున చల్లారిన జావ తీసుకెళ్తే గిన్నెడూ తాగారు. "ఉప్పెయ్యలేదే," అన్నారు. నేను ఎవరో, ఏ బడిలో చదివానో చెప్పాను. ఆమెకు నేను ఆయానే. చెప్పాలని దాచుకున్న కృతజ్ఞత చెప్పకుండానే మిగిలింది. బస్సుకు వేళయ్యేదాకా డోరిస్‌కూ తక్కినవాళ్ళకూ నొప్పి, నీళ్ళు, చలి, ఆకలి అనే మాటలు పలికించాను. డోరిస్ మిస్సమ్మగారి ముందు వంగి, "నోపీ?" అంది.

"ఇప్పుడు లేదమ్మా," అన్నారు మిస్సమ్మగారు. డోరిస్ నావైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపి లేదని చూపించాను. ఆమె ఆ 'లేదు' కూడా నేర్చుకుంది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. మంచు ఎక్కువై ఆ రోజు బస్సు ఆపేసి ఉంటే, పోనీలే వచ్చే ఏడాది చూద్దామని నేను అనుకుని ఉంటే. ఆ ఆలోచన టొలీడో దాటినా వదల్లేదు. ఎన్నో ఏళ్ళు పరాయి పిల్లల మాట విని అర్థం చేసుకున్న మనిషి, సొంత దేశంలో ఆ పీలికల మధ్య అలా అరుస్తూ ఉండిపోయేవారు.

పక్క సీటావిడ అడిగింది, "ఎవర్ని చూసి వస్తున్నారు?"

"మా టీచర్ని."

"గుర్తుపట్టారా?"

"లేదండి," అన్నాను. "కానీ మాట్లాడుకున్నాం."