మూత తీయని కసుంది సీసా

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. అంతవరకూ కలకత్తాలో సాస్ సీసా పరాఠాలో కూర చుట్టి అమ్మే రోల్ దుకాణాల్లోనే ఎక్కువగా కనిపించేది. అప్పుడప్పుడే ఇళ్లలోకి వస్తోంది. నేను మార్కెట్ రీసెర్చ్ సంస్థలో ఫీల్డ్ సూపర్‌వైజర్‌ని. ఒక చిన్న కంపెనీ కసుందిని, అంటే బెంగాలీలు ఆవాలు ఊరబెట్టి చేసే పచ్చడిని, సాస్‌లా సీసాల్లో అమ్మాలనుకుంది. దానికి మేం హోమ్ టెస్ట్ పెట్టాం. పేరు అంటించని సీసాలు ఇళ్లలో ఇచ్చి, కొన్నాళ్లాగి వెళ్లి ఎలా ఉందని అడుగుతాం.

దుర్గాపూజకి ముందు ఒక ఉదయం కంపెనీ మేనేజర్ ఫోన్ చేశాడు. మేం ఇళ్లకిచ్చిన బ్యాచ్‌లో మిగిలిన సీసాలు గోదాములో మూతలు ఉబ్బి పగులుతున్నాయట.

"చెడిపోయిందని చెప్పకండి. సీసా మారుస్తున్నామని చెప్పి వెనక్కి తెచ్చేయండి" అన్నాడు.

అప్పటికే ఒకింట్లో ఇద్దరికి వాంతులు పట్టుకున్నాయి. పరుగులు పెట్టి సాయంత్రానికి అన్నీ తెచ్చాం, ఒక్కటి తప్ప. అది నరసమ్మగారిది. శ్రీకాకుళం నుంచి వచ్చిన కుటుంబం, భర్తది మునిసిపల్ ఉద్యోగం. క్వార్టర్స్‌కి వెళ్తే తాళం.

"నది అవతల షాలిమార్‌లో కూతురింటికెళ్లింది దిదీ, మనవడి పుట్టినరోజు. మీరిచ్చిన సీసా కూడా పట్టుకెళ్లింది" అంది పక్కింటి బెంగాలీ ఆవిడ. ఇంటి గుర్తులు కూడా చెప్పింది.

టాక్సీ ఎక్కితే వంతెన మీద బళ్లు కదలవు. పిల్లలే ముందు తింటారన్న ఒక్క ఆలోచనే బుర్రలో తిరుగుతోంది.

గూడ్స్ యార్డు వెనక సందులో ఆ ఇల్లు దొరికేసరికి పకోడీల ప్లేట్లు పంచేస్తున్నారు. నరసమ్మగారి చెయ్యి సీసా మూత మీదుంది.

"తీయకండి!" గుమ్మంలోంచే అరిచాను.

అందరూ బిత్తరపోయారు. "ఏటయిపోనాది దిదీ? నానేటి సేసీసినాను?" అందావిడ.

మేనేజర్ నేర్పిన మాట నోటిదాకా వచ్చింది. ప్లేట్లు పట్టుకున్న పిల్లల్ని చూశాక అనలేకపోయాను.

"మీరేం చేయలేదమ్మా. సరుకే చెడిపోయింది. తింటే ప్రమాదం."

"సుట్టాల ముందర నా పరువు పోనాది" అంటూ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. అంతలోనే, "ఇంకెవులైనా తినీసినారా?" అని అడిగింది.

"ఇద్దరికి వాంతులయ్యాయి. ఇప్పుడు కులాసాగానే ఉన్నారు."

సీసా నా చేతిలో పెట్టింది. మూత అప్పటికే ఉబ్బి ఉంది. నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది.

"ఇన్నాళ్లూ తీయలేదేం? నచ్చదనుకున్నారా?" అన్నాను.

"నచ్చకపోడవేటి? ఇంత మంచి సీసా మేవే తినీస్తే, సుట్టాలొస్తే ఏటెడతాం?"

నిజం చెప్పేశానని తెలిసి ఆ కంపెనీ మాకు మళ్లీ పనివ్వలేదు. మా రంగంలో వాడని సీసాని నచ్చనిదిగా రాసుకోవడం అలవాటు. ఆ తర్వాత ఏ ఇంట్లో మూత తీయని సీసా కనిపించినా, ముందు ఎవరి కోసం దాచారని అడిగేదాన్ని.